ఖాళీ గడి ఒక్కటీ లేదు

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క మెమో కూడా తీసుకోని కండక్టరు ఆయన. ఆ మాట తనంతట తాను చెప్పుకునేవాడు కాదు గాని, ఎవరైనా చెబుతుంటే అడ్డుపడేవాడూ కాదు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఏ మలుపులో చెయ్యెత్తి బస్సెక్కుతాడో ఎవరికీ తెలియదు. అతను ఎక్కేసరికి ట్రిప్పు షీటులో ఖాళీ గడి కనిపించకూడదు. అందుకని వచ్చే స్టేజీ రాకముందే దాని గడి నింపేసేవాడు. స్టేజీ ఎలాగూ వస్తుంది కదా, రోడ్డు ఎక్కడికి పోతుంది?

రిటైరయ్యాక అలాంటి కాగితమే మళ్ళీ ఆయన చేతికొచ్చింది. ఈసారి ఇచ్చింది డిపోవాళ్ళు కాదు. చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా కాళ్ళూ చేతులూ మాటా మొదటినుంచి నేర్పే థెరపీ సెంటరులో పనిచేసే అమ్మాయి. నిలువునా తేదీలు, అడ్డంగా వ్యాయామాలు. కుడికాలు, ఎడమకాలు, పాదాన్ని వంచి పట్టి ఉంచే స్ప్లింటు రెండు గంటలు. చేయించిన ప్రతిదానికీ గడిలో ఒక టిక్కు.

వ్యాయామం ఆయన మనవరాలికి. ఆరేళ్ళ పిల్ల. ఏడో నెలలోనే బయటికి వచ్చేసిన తొందరమనిషి. ఆ తొందరకి పిక్కలు రెండూ బిగుసుకుపోయాయి. మడమలు నేలకి ఆనవు. గోడ పట్టుకుని, కాలే ఇసుక మీద నడుస్తున్నట్టు మునివేళ్ళ మీద నడుస్తుంది. తాత దాన్ని అరటిక్కెట్టు అని పిలిచేవాడు. తాత పిలవగా వీధి పిలిచింది, వీధి పిలవగా అసలు పేరు రేషను కార్డులోనే మిగిలిపోయింది.

పిల్ల తల్లి, అంటే ఆయన కూతురు, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నం రెండు దాటాక వస్తుంది. అల్లుడు లారీ డ్రైవరు, నెలకి రెండుసార్లు కనిపిస్తే గొప్ప. భార్య పోయి ఏడేళ్ళయింది. కాబట్టి పొద్దుటి పూట ఇంట్లో మిగిలేది ఇద్దరే, తాతా అరటిక్కెట్టూ. మంగళవారం, శుక్రవారం పదిగంటలకి పిల్లని సెంటరుకి తీసుకెళ్ళడం, మిగతా రోజులు ఇంట్లో వ్యాయామం చేయించడం ఆయన డ్యూటీ. ఆదివారం కాళ్ళకి సెలవు.

మొదటి రోజే థెరపీ అమ్మాయి అన్నీ వివరంగా చెప్పింది. "మూడు నెలలకోసారి పాదం ఎంత వంగుతుందో కొలుస్తాం తాతగారూ. రెండు కొలతల్లోనూ మార్పు రాకపోతే ఈ గంట ఇంకో బిడ్డకి ఇచ్చేయాలి. నూటపది మంది పిల్లలు వరుసలో ఉన్నారు. అది నా చేతిలో లేదు. ఇంట్లో చేయించడం మాత్రం మీ చేతిలో ఉంది."

"నా చేతిలో ఉంటే ఇంకేం అమ్మా," అన్నాడాయన ధీమాగా.

చేతిలోకి వచ్చాక తెలిసింది. మడమని అరచేతిలో పట్టుకోవాలి. పాదాన్ని ముంజేతికి ఆనించాలి. మోకాలు లేవకుండా రెండో చేత్తో అదిమి, పాదాన్ని పైకి వంచి, ముప్పై లెక్కపెట్టాలి. ఒక్కో కాలికి పదిసార్లు. పది లెక్కపెట్టేసరికి పిల్ల పెదవి వంకర తిరిగేది. పదిహేనుకి కన్నీళ్ళు. ఇరవైకి ఆ గొంతు వింటే పక్కింటివాళ్ళు తలుపు తట్టేవాళ్ళు.

మూడు వారాలు పంటిబిగువున చేయించాడు. ఆ తర్వాత ఒక పొద్దున, అరటిక్కెట్టు ఏడుపు ఆపి, ముక్కు చీదుకుని బేరానికి దిగింది.

"తాతా, ఇరవైలో దిగిపోదాం."

"ముప్పై దాకా వెళ్ళాలమ్మా. అదే ఆఖరి స్టేజీ."

"నాకు ఇరవైలో పనుంది తాతా."

నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు ఇరవైలో దించేశాడు. మర్నాడు పదిహేనులో. వారం తిరిగేసరికి పిల్ల కాలు చాపితే చాలు, ఆయన చేతులే వణికేవి. "రేపు చేద్దాంలే" అన్నాడు. అని, కుర్చీలు రెండు వరసగా వేసి, పిల్లని ముందు కుర్చీలో డ్రైవరుగా కూర్చోబెట్టి, పాత విజిలు తీసి ఊదాడు. "రైట్, రైట్!" పళ్ళెం స్టీరింగయింది. గంటసేపు ఇల్లంతా బస్సు తిరిగింది. మధ్యాహ్నం అరటిక్కెట్టు నవ్వు మొహంతోనే నిద్రపోయింది.

కూతురు రాకముందు కాగితం తీశాడు. గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి చూస్తే ఆయనకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. టిక్కు పెట్టాడు. రేపు రెండు రోజులదీ కలిపి చేయిద్దాం అనుకున్నాడు. స్టేజీ ఎలాగూ వస్తుంది కదా.

రాలేదు. రేపు రెండుసార్లనుకున్నది ఎల్లుండి మూడుసార్లయింది, ఆపైన లెక్క తప్పింది. స్ప్లింటు మంచం కింద చెప్పుల పక్కన పడి ఉండేది. సెంటరుకి వెళ్ళే రోజు దుమ్ము తుడిచి తొడిగేవాడు. మొదటి కొలతలో మార్పు లేదు. "పరవాలేదు, మొదట్లో ఇలాగే ఉంటుంది," అంది థెరపీ అమ్మాయి. ఇక రేపటి నుంచి అని గట్టిగా అనుకున్నాడు. మూడు రోజులు జరిగింది. నాలుగో రోజు పిల్ల, "తాతా, నువ్వు మంచోడివి కదా," అంది. ఆ మాట దాటి ఒక్క అడుగు ముందుకెయ్యలేకపోయాడు.

కాగితాలు మాత్రం నెలనెలా నిండాయి. గడి దాటని టిక్కులు, అన్నీ ఒకే వాలు.

రెండో కొలత శుక్రవారం వచ్చింది. తల్లో తండ్రో ఒకరు తప్పకుండా రావాలని కబురు పెట్టారు. కూతురు ఆ రోజు సెలవు పెట్టి వెంట వచ్చింది.

సెంటరు పై అంతస్తులో. మెట్ల పక్కనే చక్రాల కుర్చీల కోసం వాలుదారి. హాల్లో గోడ బారునా అద్దం. ఒకపక్క పట్టుకుని నడిచే రెండు కడ్డీలు, మూల రంగురంగుల పెద్ద బంతులు. బెంచీ చివర ఎప్పటిలాగే మేస్త్రి కూర్చుని ఉన్నాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన మనిషి. ఒళ్ళో చెక్కకి బిగించిన గుడ్డ, దానికి నాలుగు బొత్తాలు. పెట్టాలి, తియ్యాలి, మళ్ళీ పెట్టాలి.

"రావయ్యా కండక్టరూ. ఏం, ఇవాళ టిక్కెట్లు రెండున్నరా?" అన్నాడు కూతుర్ని చూసి.

"నీ గోడ ఎంతవరకు వచ్చింది మేస్త్రీ?"

"రెండో బొత్తం. నాలుగంతస్తులు లేపినవాణ్ణి, నాలుగు బొత్తాలు పెట్టలేకపోతున్నా. మా ఆవిడ జిప్పున్న చొక్కా కొంటానంటోంది. పరువు పోతుందని ఆపా."

కండక్టరుకి నవ్వు రాలేదు. ఎదురుగా నోటీసు బోర్డుకి గుచ్చి ఉన్న కాగితం మీద ఆయన చూపు ఆగిపోయింది. పోయిన నెల ఆయన ఇచ్చిన కాగితం. పైన ఎర్ర అక్షరాలతో, 'ఇంట్లో వ్యాయామం అంటే ఇలా' అని రాసి ఉంది.

దాని ముందు ఒక తల్లి చంటివాణ్ణి భుజాన వేసుకుని నిలబడి ఉంది. మేస్త్రి ఊరుకోడుగా. "అదిగో, ఆ కాగితం ఈయనదే," అని గడ్డంతో చూపించాడు.

ఆమె గబగబా వచ్చింది. "మీరేనా పెద్దాయనా? మావాడు చెయ్యి పట్టుకుంటేనే కేకలు పెడతాడు. నావల్ల కావట్లేదు. మీరెలా చేయించారండీ, ఒక్కరోజు కూడా మానకుండా?"

 కూతురు పక్కనే ఉంది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆయన ఆ నిమిషంలో అలా ఉన్నాడు.

"అలవాటు చెయ్యాలమ్మా," అన్నాడు. "మెల్లగా అదే అలవాటైపోతుంది."

ఆమె ఆ మాటని మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

లోపల చాప మీద అరటిక్కెట్టుని పడుకోబెట్టారు. థెరపీ అమ్మాయి కోణం కొలిచే ప్లాస్టిక్ బద్దని చీలమండ దగ్గర పెట్టి, పాదాన్ని మెల్లగా వంచింది. పిల్ల కళ్ళు మూసుకుంది. అమ్మాయి అంకె చూసింది. మళ్ళీ పెట్టి చూసింది. రెండో కాలూ చూసింది. కాగితాల కట్ట తీసి ఒక్కొక్కటీ తిప్పింది. ఆ కాగితాలు తిరిగే చప్పుడు కండక్టరుకి కొత్తది కాదు. 

"మొదట్లో పాదం వంగాల్సినదానికంటే పది డిగ్రీలు తక్కువ వంగేదమ్మా," అంది తల్లితో. "ఇప్పుడు పద్దెనిమిది. పిల్ల ఎదుగుతోంది, ఎముక పెరుగుతోంది, పిక్క దాంతోపాటు సాగట్లేదు."

"అంటే తగ్గలేదా?"

"పెరిగింది." అమ్మాయి గొంతు తగ్గించింది. "మీ నాన్నగారు చేసింది చూడండి. ఆరు నెలలు. ఖాళీ గడి ఒక్కటీ లేదు. ఇంత చేసినా కాలు లొంగలేదంటే ఇక వ్యాయామంతో అయ్యేది కాదనే అర్థం. పెద్ద డాక్టరు చూస్తారు. మడమ వెనక నరం కోసి పొడుగు చేసే ఆపరేషను ఉంటుంది. మన గంట మాత్రం ఈ రోజుతో ఆఖరు."

కూతురు పిల్ల పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది.

అమ్మాయి వాతావరణం తేలిక చెయ్యాలనుకుంది కాబోలు, వంగి పిల్లని అడిగింది. "ఏం అరటిక్కెట్టూ, తాత రోజూ చేయిస్తాడా?"

పిల్ల తాత వంక చూసింది. తాత అద్దం వంక చూశాడు. అద్దంలోనూ పిల్ల ఆయన్నే చూస్తోంది.

"మా తాత మంచోడు," అంది. "బస్సు ఆడిస్తాడు."

"చూశారా!" అంది అమ్మాయి. "ఆటలా చేయిస్తారట. ఇలాంటి తాత ఎంతమందికి ఉంటాడు!"

కూతురు కళ్ళు తుడుచుకుని తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఊరుకో నాన్నా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. మన రాత ఇంతే."

ఆ చెయ్యి ఆయన చేతిలో నిప్పులా ఉంది.

వాలుదారి సగం దిగాక ఆగాడు. "స్ప్లింటు మర్చిపోయా. మీరు కింద ఉండండి," అని వెనక్కి తిరిగాడు. స్ప్లింటు నిజంగానే అక్కడ ఉంది, కాకపోతే మర్చిపోయిన సంగతి ఆయనకి చాప దగ్గరే తెలుసు.

థెరపీ అమ్మాయి బల్ల దగ్గర రాసుకుంటోంది. "ఇదిగో తాతగారూ, ఇక్కడే ఉంది."

"స్ప్లింటు కోసం రాలేదమ్మా. ఆ కాగితం అబద్ధం."

"ఏ కాగితం?"

"అన్నీ."

కలం ఆగింది.  "ఎన్ని రోజులు చేయించారు?"

"మొదటి మూడు వారాలు సరిగ్గా. తర్వాత..." బస్సు నిండా ఉన్న తలల్ని ఒక్క చూపుతో లెక్కపెట్టిన మనిషి, ఆ లెక్క చెప్పలేకపోయాడు. "ఏడ్చేదమ్మా. నా చేతులు ఆడేవి కావు."

తిడుతుందని నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"ఖాళీగా వదిలేయాల్సింది తాతగారూ."

"ఖాళీ ఉంటే తప్పు కదమ్మా."

"ఖాళీ ఉంటే నేను అడిగేదాన్ని. ఎందుకు చేయించలేదంటే ఏడుస్తోందని మీరు చెప్పేవారు. ఏడ్చే పిల్లలకి వేరే దారి ఉంది. పిండికట్టు వేసి, వారం వారం మారుస్తూ కొంచెం కొంచెంగా సాగదీస్తాం. రాత్రుళ్ళు హాయిగా నిద్రపోతారు. వారంలో నేను చూసేది రెండు గంటలు. మిగతా అంతా నేను మీ కాగితంలోంచే చూశాను." ఆమె ఫైలులో మొదటి కొలత మీద వేలు పెట్టింది. "పది డిగ్రీలప్పుడు కట్టుంటే..."

ఆయన ఆ వేలి కింది అంకె చూశాడు. 

"ఇప్పుడు కట్టచ్చుగా అమ్మా?"

"ఇప్పుడేదైనా పెద్ద డాక్టరు చెప్పాలి. నేను ఇంకా రాయలేదు. మీరే చెప్పండి, ఏం రాయమంటారు?"

"ఏది రాస్తే ఆ గంట మిగులుతుంది?"

"ఏది రాసినా మిగలదు."

"అయితే నిజమే రాయి."

"నిజం రాస్తే, ఇంట్లో చేయించరు అని రాయాలి. ఆపరేషను తర్వాత ఆరు నెలలు ఇంట్లో ఇదే వ్యాయామం చేయించాలి. చేయించని ఇంటికి ఆపరేషను ఎందుకంటారు పెద్ద డాక్టరు. పక్కన పెడతారు."

"రాయకపోతే?"

"వ్యాయామానికి లొంగని కాలు అని కోతకి పంపుతారు. లొంగేదేమో. నాకు తెలీదు. ఇక ఎవరికీ తెలియదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఆ నూతి అంచున నిలబడింది తను కాదు, మునివేళ్ళ మీద నిలబడ్డ ఆరేళ్ళ పిల్ల. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకి సంజాయిషీ చెప్పుకోవడం ఆయనకి చేతకాదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

"నీకేది న్యాయమనిపిస్తే అది రాయమ్మా," అన్నాడు చివరికి. "నా రాతని మాత్రం నమ్మకు."

ఆమె ఫైలు మూసేసింది. రాసిందో లేదో ఆయనకి తెలియలేదు. పదకొండు గంటల పిల్లవాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. చేతిలో స్ప్లింటుతో నిలబడి, "ఒక కొత్త కాగితం ఇప్పిస్తావా?" అని అడిగాడు. ఇచ్చింది.

బయటికి వస్తుంటే ఆమె కూడా వెనకాలే వచ్చి, బోర్డు దగ్గర ఆగి, పిన్ను పీకి ఆయన కాగితం తీసేసింది. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

"అదేంటి, కొత్త రికార్డు ఎవరిదో?" అన్నాడు మేస్త్రి. మూడో బొత్తం సగం దూరి ఉంది. కండక్టరు జవాబు చెప్పకుండా వెళుతుంటే, "ఏమయ్యో, మంగళవారం వస్తావుగా?" అని వెనకనుంచి కేకేశాడు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్సులో తెలిసిన కండక్టరు కుర్రాడు, "కూర్చోండి గురువుగారూ," అని సీటిప్పించాడు. అరటిక్కెట్టు దారిపొడుగునా అతని నడుముకి వేలాడే విజిలునే చూసింది.

కూతురు వంటింట్లోకి వెళ్ళింది. ఆయన చాప పరిచాడు. కొత్త కాగితాన్ని గోడకి గుచ్చాడు. ఈ రోజు తేదీ వెతికి, కలం ముట్టుకోకుండా వదిలేశాడు.

"రా తల్లీ. కాలు చాపు."

"బస్సు?"

"తర్వాత."

మడమని అరచేతిలోకి తీసుకున్నాడు. ఆరు నెలల కిందట ఈ పాదం ఇంకా చిన్నది. ముంజేతికి ఆనించి, మోకాలు అదిమి, వంచాడు. ఒకటి. రెండు. అప్పుడు మెత్తగా అడ్డుకున్న పిక్క ఇప్పుడు తాడులా అడ్డుకుంది. ఎనిమిది. తొమ్మిది. పెదవి వంకర తిరిగింది. పన్నెండుకి అరటిక్కెట్టు ఏడుపందుకుంది. పదహారుకి ఆ కేక గోడలకి తగిలి తిరిగొచ్చింది.

కూతురు తడిచేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. వ్యాయామం జరిగే వేళకి ఆమె ఎప్పుడూ ఇంట్లో లేదు. ఆ కేక ఆమె మొదటిసారి వింటోంది.

"రోజూ ఇలాగే ఏడుస్తుందా నాన్నా?"

ఆయన తలెత్తలేదు. పట్టు సడలిస్తే మళ్ళీ పట్టుకోలేనని తెలుసు.

"లేదమ్మా," అన్నాడు. "రోజూ ఏడిపించి ఉంటే బాగుండేది."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. గోడ మీది కొత్త కాగితం చూసింది, దాని పక్కన పాత కాగితాలు గుచ్చిన ఆరు చిల్లులు చూసింది, మంచం కింద చెప్పుల పక్కన స్ప్లింటు వదిలిన దుమ్ములేని చోటు చూసింది. పిల్ల మొహం చూసింది.  వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి విప్పిన చప్పుడైంది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. గిన్నె చప్పుడు లేదు.

"తాతా," అంది అరటిక్కెట్టు వెక్కుతూ. "ఇరవైలో దిగిపోదాం తాతా. నువ్వు మంచోడివి కదా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇరవై ఒకటి," అన్నాడు.